చిన్న బంగారు గని కంపెనీ చిరునామా, పేరు మార్చడం ఎలా: సమగ్ర మార్గదర్శి

బంగారు గని కంపెనీ ఊరు మారవచ్చు, దేశం మారవచ్చు, పేరూ మారవచ్చు. గని మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ మార్గదర్శిలోని ప్రతి సలహా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే పేరు పలక తీసి మరో చోట పెట్టుకుని మర్నాటి నుంచి పని మొదలుపెడుతుంది. పదిమంది ఉద్యోగులు, రెండు మూడు లీజులు, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కాసిని వాటాలు ఉన్న చిన్న గని కంపెనీకి అది కుదరదు. దాని ఆస్తి అంతా మట్టిలోనూ, ఆ మట్టి మీద హక్కునిచ్చే కాగితాల్లోనూ ఉంటుంది. ఆ కాగితాల మీద పేరు ఒకటి, కంపెనీ వాడుతున్న పేరు మరొకటి అయితే అప్పు పుట్టదు, భాగస్వామి దొరకడు, గని అమ్మాలన్నా కొనేవారి న్యాయవాది దగ్గర వ్యవహారం ఆగిపోతుంది. కాబట్టి మొత్తం పనికి ఒకే లక్ష్యం పెట్టుకోండి: తవ్వకం హక్కు ఎవరిదన్న ప్రశ్నకు ఏ రోజూ సందేహం రాకూడదు. పనుల వరుస అంతా దాన్ని బట్టే ఉంటుంది.

మొదటి అడుగు: ఏది మారుతోందో ముందు తేల్చుకోండి

"కంపెనీని మారుస్తున్నాం" అన్న మాటకు మూడు వేర్వేరు అర్థాలున్నాయి. ఒక్కోదానికి ఖర్చు వేరు, చట్టం వేరు, ప్రమాదం వేరు.

ఒకటి, రిజిస్టర్డ్ కార్యాలయం. ప్రభుత్వం, న్యాయస్థానాలు నోటీసులు పంపే చిరునామా ఇది. ఒకే రాష్ట్రంలో లేదా ప్రావిన్సులో మారితే చాలా దేశాల్లో ఇది చిన్న పని. ఆస్ట్రేలియాలో మార్పు జరిగిన 28 రోజుల్లోగా అక్కడి కంపెనీల నియంత్రణ సంస్థ ఏఎస్ఐసీకి తెలియజేస్తే సరిపోతుంది. భారత్‌లో మాత్రం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లాలంటే 2013 కంపెనీల చట్టం 13వ సెక్షన్ ప్రకారం వాటాదారుల ప్రత్యేక తీర్మానం, పత్రికా ప్రకటన, కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ డైరెక్టర్ ఆమోదం, అన్నీ కావాలి.

రెండు, ప్రధాన కార్యాలయం. అంటే డైరెక్టర్లు కూర్చుని నిర్ణయాలు తీసుకునే చోటు. ఇది మారినప్పుడు కాగితాల పని తక్కువగా కనిపించినా పన్ను ప్రభావం పెద్దది. బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలు కంపెనీ నిర్వహణ, నియంత్రణ ఎక్కడినుంచి జరుగుతున్నాయో చూసి పన్ను నివాసాన్ని, అంటే పన్ను విషయంలో అది ఏ దేశపు కంపెనీ అన్నదాన్ని, నిర్ణయించగలవు. అధ్యక్షుడు తన సౌలభ్యం కోసం మరో దేశంలో బోర్డు సమావేశాలు పెట్టడం మొదలుపెడితే, ఎవరూ అనుకోకుండానే కంపెనీ అక్కడి పన్ను పరిధిలోకి వెళ్లవచ్చు. కెనడాలో ప్రధాన కార్యాలయం ఏ ప్రావిన్సులో ఉంటే సాధారణంగా అక్కడి సెక్యూరిటీస్ కమిషనే ముఖ్య నియంత్రణ సంస్థ అవుతుంది. వ్యాంకూవర్ నుంచి టొరంటోకు మారిన కంపెనీకి నియంత్రణాధికారి కూడా మారతారు.

మూడు, కంపెనీ పుట్టిన చట్టాన్నే మార్చుకోవడం. ఒక దేశం లేదా ప్రావిన్సు చట్టం కింద నమోదైన కంపెనీ మరోదాని చట్టం కిందికి వెళ్లడం అన్నమాట. కెనడాలో దీన్ని కంటిన్యుయెన్స్ అంటారు. అమెరికా రాష్ట్రాల్లో కన్వర్షన్ అన్న పద్ధతి ఉంది. పెద్ద కంపెనీల్లో ఇటీవలి ఉదాహరణ ఆంగ్లోగోల్డ్ అశాంతి. 2023 సెప్టెంబరులో ఆ సంస్థ తన మాతృసంస్థను దక్షిణాఫ్రికా నుంచి బ్రిటన్ నమోదుకు మార్చి, వాటాల ప్రధాన లిస్టింగును న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి తరలించింది. గనులు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంత పెద్ద సంస్థకే అది ఎంతో కాలం తీసుకున్న భారీ కసరత్తు.

చిన్న కంపెనీలకు నా సలహా సూటిగా చెబుతాను. అద్దె తగ్గించుకోవడం, భూగర్భ శాస్త్రవేత్తలకు దగ్గరగా ఉండటం, పెట్టుబడిదారులున్న నగరానికి వెళ్లడం మీ ఉద్దేశమైతే మొదటి రెండింటితో ఆగండి. మూడోదాని జోలికి వెళ్లే ముందు పన్ను నిపుణుడి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. ఉదాహరణకు కెనడా పన్ను నివాసాన్ని వదులుకునే కంపెనీ తన ఆస్తులన్నీ ఆ రోజు మార్కెట్ విలువకు అమ్మేసినట్టు చట్టం లెక్కగడుతుంది. దానిపైన నిష్క్రమణ పన్ను కూడా ఉంది. దాని మూల రేటు 25 శాతం, పన్ను ఒప్పందాలున్న దేశాలకు వెళ్తే తగ్గవచ్చు. భూమిలో ఉన్న బంగారం విలువ పెరిగిన తరవాత, చేతిలో నగదు లేనప్పుడు ఈ లెక్క వచ్చి పడితే చిన్న కంపెనీ తట్టుకోలేదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. కొందరు సలహాదారులు "కొత్త చోట కొత్త కంపెనీ పెట్టి, పాతదాని ఆస్తులు దానికి బదిలీ చేద్దాం" అంటారు. కాగితం మీద తేలికగా కనిపిస్తుంది. కానీ చట్టం దృష్టిలో అది వేరే వ్యక్తికి ఆస్తి అమ్మడం. ప్రతి లీజుకూ బదిలీ అనుమతి, కొన్నిచోట్ల స్టాంపు సుంకం, రాయల్టీ హక్కుదారుల సమ్మతి, భాగస్వాముల ముందస్తు కొనుగోలు హక్కు అన్నీ ఒక్కసారిగా లేచి కూర్చుంటాయి. పేరు మార్పులోనూ, కంటిన్యుయెన్సులోనూ కంపెనీ అదే వ్యక్తిగా కొనసాగుతుంది. హక్కులూ, అప్పులూ, కోర్టు వ్యాజ్యాలూ అన్నీ వెంట వస్తాయి. గని కంపెనీ విషయంలో ఈ తేడా ప్రాణావసరం.

రెండో అడుగు: పేరు ఉన్న ప్రతి కాగితాన్నీ బల్ల మీదికి తెండి

కొత్త పేరు గురించి చర్చ మొదలుపెట్టక ముందే చేయాల్సిన పని ఇది. దాదాపు అందరూ దీన్ని తరవాతికి నెడతారు.

కంపెనీ పేరు రాసి ఉన్న పత్రాలన్నిటికీ ఒక పట్టిక తయారుచేయండి. తవ్వకం లీజులు, అన్వేషణ క్లెయిములు (ఖనిజం కోసం గుర్తించి నమోదు చేసుకున్న స్థలం మీది హక్కులు), భూ యజమానులతో ఒప్పందాలు, నీటి అనుమతులు, పర్యావరణ అనుమతులు, పేలుడు పదార్థాల లైసెన్సు, సయనైడ్ నిల్వ అనుమతి, గని మూసివేత హామీ (గని మూసేటప్పుడు స్థలాన్ని బాగుచేస్తామన్న పూచీ) కోసం బ్యాంకు ఇచ్చిన గ్యారంటీ, బీమా పాలసీలు, రాయల్టీ ఒప్పందాలు, యంత్రాల అద్దె ఒప్పందాలు, శుద్ధి కర్మాగారంతో ఒప్పందం, అనుబంధ సంస్థల రిజిస్టర్లు. ప్రతిదాని పక్కన నాలుగు సంగతులు రాయండి: పత్రంలో పేరు సరిగ్గా ఏ అక్షరాలతో ఉంది, పేరు మారితే ఎవరికి ఎన్ని రోజుల్లో చెప్పాలి, అనుమతి కావాలా లేక సమాచారం చాలా, రుసుము గడువు ఎప్పుడు.

ఈ పని చేస్తుంటే పాత దోషాలు బయటపడతాయి. పదేళ్ల కిందట కొన్న ఒక క్లెయిము ఇంకా అమ్మినవారి పేరుమీదే ఉండవచ్చు. గతంలో ఒకసారి పేరు మారినప్పుడు మూడు లీజుల్లో రెండింటినే సవరించి ఉండవచ్చు. మూడో పేరు వచ్చి చేరక ముందే వీటిని సరిచేయండి. హక్కుల గొలుసులో ఒక లంకె తెగి ఉండగా దానికి మరో లంకె కలిపితే, తరవాత విప్పడానికి పట్టే కాలం, ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతాయి.

రుసుము గడువుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. అమెరికాలో ఫెడరల్ భూముల మీది గని క్లెయిములకు ఏటా సెప్టెంబరు 1 నాటికి నిర్వహణ రుసుము భూ నిర్వహణ బ్యూరో బీఎల్ఎంకు చేరాలి. చేరకపోతే క్లెయిము రద్దవుతుంది. పాత చిరునామాకు వెళ్లిన నోటీసు ఎవరూ చూడకపోవడం, పాత ఖాతా మూసేసి కొత్తది ఇంకా తెరవకపోవడం లాంటి చిన్న కారణాలతో కంపెనీ ఆస్తి చేజారిపోగలదు. కాబట్టి పేరు, చిరునామా మార్పును ఏ పెద్ద గడువుకూ దగ్గరలో పెట్టుకోవద్దు. వీలైతే ఆ ఏడాది రుసుములు పాత పేరుతోనే కట్టేసి, రసీదు తీసుకున్న తరవాతే మార్పు మొదలుపెట్టండి.

మూడో అడుగు: పేరు ఎంపిక

గని కంపెనీల పేర్లలో మూడు రకాల ఇరుకు కనిపిస్తుంది. దేశం పేరు పెట్టుకోవడం, ఒకే నిక్షేపం పేరు పెట్టుకోవడం, లోహం పేరు పెట్టుకోవడం. మొదట్లో ఇవి బాగానే ఉంటాయి, పెట్టుబడిదారుకు వెంటనే అర్థమవుతాయి. కంపెనీ ఎదిగితే బిగుతైపోతాయి. బ్రెజిల్ రిసోర్సెస్ అనే కంపెనీ ఇతర దేశాల్లోనూ ప్రాజెక్టులు సంపాదించాక 2016లో గోల్డ్‌మైనింగ్‌గా మారింది. గ్రాన్ కొలంబియా గోల్డ్ 2021లో జీసీఎం మైనింగ్ అయ్యింది, విలీనం తరవాత 2022లో ఆరిస్ మైనింగ్ అయ్యింది. పెద్దవాటిలో చూస్తే, రాగి వాటా పెరుగుతున్న బ్యారిక్ గోల్డ్ 2025లో బ్యారిక్ మైనింగ్‌గా మారింది. న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో తన వాటాలకు గుర్తుగా వాడుతున్న గోల్డ్ అన్న సంకేతాన్ని సైతం వదులుకుని బి అన్న ఒక్క అక్షరానికి మారింది. ఎంతోమంది కోరుకునే సంకేతాన్ని వదులుకోవడం తేలికైన నిర్ణయం కాదు. కంపెనీ చేస్తున్న పనికీ పేరుకూ పొంతన ఎంత ముఖ్యమో దాన్ని బట్టి తెలుస్తుంది.

పొంతన మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. బంగారం ధర పెరుగుతున్నప్పుడు, ఒక్క ఔన్సు కూడా తవ్వని కంపెనీలు పేరులో బంగారం తగిలించుకోవడం ప్రతి దశాబ్దంలోనూ జరిగేదే. భారత్‌లో సెబీ లిస్టింగ్ నిబంధనల్లో 45వది దీన్ని అడ్డుకుంటుంది. గత పేరు మార్పు నుంచి కనీసం ఏడాది గడవాలి. కొత్త పేరు సూచించే వ్యాపారం నుంచి అంతకు ముందు ఏడాది ఆదాయంలో కనీసం సగమైనా వచ్చి ఉండాలి, లేదా ఆస్తుల్లో కనీసం సగం ఆ వ్యాపారంలో పెట్టి ఉండాలి. ఇలాంటి నిబంధన మీ దేశంలో లేకపోయినా దీన్నే కొలబద్దగా పెట్టుకోమంటాను. బంగారు గనుల రంగం 1997లో బ్రె-ఎక్స్ మోసాన్ని చూసింది. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో లేని బంగారాన్ని ఉన్నట్టు చూపించిన ఆ కుంభకోణం తరవాతే 2001లో కెనడా నిక్షేపాల వెల్లడికి 43-101 అనే కఠిన నిబంధనలు తెచ్చింది. ఈ రంగంలో పెట్టుబడిదారులు పేరు మార్పును అనుమానంగానే చూస్తారు. వారి అనుమానానికి కారణం ఉంది. చెడ్డ చరిత్రను కప్పిపుచ్చడానికే పేరు మారుస్తున్నట్టయితే, ఈ మార్గదర్శి మీకు ఉపయోగపడదు.

పేరు అనుకున్నాక వెతకాల్సిన చోట్లు ఇవి. కంపెనీ నమోదైన చోటి రిజిస్టరు, గని ఉన్న దేశంలోని రిజిస్టరు, ట్రేడ్‌మార్కులు, వాటాలు నమోదైన ఎక్స్ఛేంజీ, వెబ్ చిరునామా. చాలామంది రెండోది మరిచిపోతారు. మాతృసంస్థ పేరు ఒక దేశంలో ఖాళీగా ఉన్నా, గని ఉన్న దేశంలో అదే పేరుతో మరో సంస్థ ఉంటే అనుబంధ సంస్థకు ఆ పేరు దక్కదు. కెనడా ఫెడరల్ నమోదుకు నువాన్స్ అనే పేరు శోధన నివేదిక కావాలి, అది 90 రోజులే చెల్లుతుంది. కాబట్టి వాటాదారుల సమావేశానికి చాలా ముందు తీసుకుంటే మళ్లీ తీసుకోవాల్సి వస్తుంది.

చివరిగా, గని పక్కన నివసించే ప్రజల భాషలో ఆ పేరు ఎలా వినిపిస్తుందో తెలుసుకోండి. వారి పవిత్ర స్థలం పేరో, పూర్వీకుల పేరో వాడాలనుకుంటే ముందు వారినే అడగండి. అనుమతి ఇవ్వకపోతే మరో పేరు చూసుకోండి.

నాలుగో అడుగు: తీర్మానాలు

చాలా దేశాల్లో పేరు మార్పుకు ప్రత్యేక తీర్మానం కావాలి. ఆస్ట్రేలియా, బ్రిటన్, భారత్‌లలో పోలైన ఓట్లలో కనీసం 75 శాతం, కెనడా ఫెడరల్ చట్టం కింద మూడింట రెండు వంతులు. బ్రిటిష్ కొలంబియాలో కంపెనీ నియమావళి అనుమతిస్తే డైరెక్టర్ల తీర్మానమే చాలు. అందుకని మీ నియమావళిని ముందు చదవండి, సమావేశం ఖర్చు తప్పవచ్చు.

కంటిన్యుయెన్స్ విషయంలో అలా కుదరదు. వాటాదారులు ఓటు వేయాలి. కెనడా చట్టాల కింద వ్యతిరేకించిన వాటాదారు తన వాటాలను న్యాయమైన విలువకు కొనమని కంపెనీని కోరే హక్కు కలిగి ఉంటాడు. నగదు తక్కువగా ఉన్న కంపెనీకి ఇది ప్రమాదం. వ్యతిరేకులు ఫలానా శాతం దాటితే ముందుకు వెళ్లకుండా ఆగే అధికారం డైరెక్టర్లకు ఉండేలా తీర్మానంలోనే రాయించండి. కొత్త చోటి చట్టం డైరెక్టర్ల నివాసం గురించి ఏమంటుందో కూడా చూడాలి. కెనడా ఫెడరల్ చట్టం డైరెక్టర్లలో కనీసం పావువంతు కెనడా నివాసులు ఉండాలంటుంది. ఒంటారియో ఆ షరతును 2021లో తీసేసింది.

పేరు మార్పు, తరలింపు ఒకే సమావేశంలో పెట్టవచ్చు, కానీ వేర్వేరు తీర్మానాలుగా పెట్టండి. ఒకటి ఓడినా రెండోది నిలుస్తుంది. వాటాల ఏకీకరణను, అంటే పది పాత వాటాలకు ఒక కొత్త వాటా ఇవ్వడం లాంటివాటిని, పేరు మార్పుతో కలపడం చిన్న కంపెనీల్లో అలవాటు. నాకిది నచ్చదు. కొత్త పేరు, కొత్త ధర, కొత్త వాటాల సంఖ్య ఒకే ఉదయం కనిపిస్తే సామాన్య వాటాదారుకు తన సొమ్ము ఏమైందో అర్థం కాదు. రెంటి మధ్య కొన్ని నెలలైనా విరామం ఇవ్వండి.

ఐదో అడుగు: ఎక్స్ఛేంజీ, నియంత్రణ సంస్థలు

వరుస ఇలా ఉండాలి: పేరు రిజర్వు చేయించడం, ఎక్స్ఛేంజీ ముందస్తు ఆమోదం, రిజిస్ట్రారుకు దరఖాస్తు, ధ్రువపత్రం, బహిరంగ ప్రకటన, కొత్త పేరుతో ట్రేడింగు. ధ్రువపత్రం రాకముందే కొత్త పేరుతో ఉత్తరాలు, ఒప్పందాలు రాయడం మొదలుపెట్టకండి. ఆ రోజు వరకు చట్టపరంగా ఆ పేరుతో కంపెనీ లేదు.

కెనడా, అమెరికాల్లో పేరు మారితే సాధారణంగా క్యూసిప్, ఐఎస్ఐఎన్ అనే వాటా గుర్తింపు సంఖ్యలూ కొత్తవి వస్తాయి. అమెరికాలో ఎక్స్ఛేంజీ బయట ట్రేడయ్యే వాటాలుంటే, మార్పు అమల్లోకి రావడానికి కనీసం 10 రోజుల ముందు అక్కడి బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రాకు తెలియజేయాలి. మాతృ ఎక్స్ఛేంజీలో పేరు మారి అమెరికాలో పాత పేరే కొనసాగితే ఒకే కంపెనీ రెండు పేర్లతో చలామణీ అవుతుంది, వాటాదారుల ఫోన్లకు అంతుండదు.

నమోదు సంఖ్యల గురించి ఒక్క మాట. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో పేరు మారినా కంపెనీ సంఖ్య మారదు, హక్కుల కొనసాగింపును నిరూపించడానికి అదే బలమైన ఆధారం. భారత్‌లో కంపెనీ గుర్తింపు సంఖ్య 21 అక్షరాల్లో రాష్ట్రం సంకేతం కూడా ఉంటుంది, కనుక రాష్ట్రం మారితే ఆ సంఖ్య మారుతుంది. కెనడాలో కంటిన్యుయెన్స్ జరిగినా కొత్త సంఖ్య వస్తుంది. అలాంటి సందర్భాల్లో పాత పేరు, పాత సంఖ్య, కొత్త పేరు, కొత్త సంఖ్య, మార్పు తేదీ ఒకే పేజీలో రాసి, ధ్రువపత్రాల నకళ్లు జతచేసి, న్యాయవాది సంతకంతో ఒక కొనసాగింపు పత్రం చేయించుకోండి. రాబోయే ఏళ్లలో అందరూ అడిగేది దాన్నే.

ఆరో అడుగు: ధ్రువపత్రం చేతికి రాగానే

ధ్రువీకరించిన నకళ్లు ఎక్కువ సంఖ్యలో తీసుకోండి. గని వేరే దేశంలో ఉంటే వాటి మీద అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం విదేశంలో చెల్లేలా చేసే అధికారిక ధ్రువీకరణ, కావాలి. 1961 హేగ్ ఒప్పందంలో ఆ దేశం లేకపోతే రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాలి. దీనికి వారాలు పట్టవచ్చు.

మొదట వెళ్లాల్సింది గనుల రిజిస్ట్రీకి. లెటర్‌హెడ్, వెబ్‌సైట్, ఆఫీసు పలక తరవాత చూసుకోవచ్చు. అమెరికాలో క్లెయిము పత్రాలు బీఎల్ఎం దగ్గరే కాక కౌంటీ రికార్డుల్లోనూ ఉంటాయి. రెండు చోట్లా పేరు మార్పు నమోదు చేయించాలి. తరవాత మూసివేత హామీ. బ్యాంకు గ్యారంటీ పాత పేరుతోనూ, అనుమతి కొత్త పేరుతోనూ ఉంటే, హామీ లేదన్న కారణంతో అనుమతి ఇచ్చిన శాఖ పని ఆపించగలదు. కాబట్టి బ్యాంకు నుంచి సవరణ పత్రం సిద్ధంగా ఉంచుకుని రెండూ ఒకే రోజు సమర్పించండి. బీమా కూడా అంతే. ప్రమాదం జరిగిన రోజున పాలసీలో పేరు సరిపోలలేదని తెలుసుకునే పరిస్థితి ఏ గనికీ రాకూడదు. అమెరికాలో గనుల భద్రతా సంస్థ ఎంషాకు చట్టపరమైన గుర్తింపు మార్పును 30 రోజుల్లో తెలపాలి.

ఉత్పత్తి జరుగుతున్న గని అయితే శుద్ధి కర్మాగారాన్ని మరవకండి. గనిలో పోతపోసే డోరే కడ్డీలు శుద్ధ బంగారం కావు, వెండి, ఇతర లోహాలు కలిసి ఉంటాయి. శుద్ధి చేసి విలువ చెల్లించేది ఆ కర్మాగారమే. లండన్ బులియన్ మార్కెట్ సంఘం గుర్తింపు ఉన్న ప్రతి కర్మాగారమూ సరుకు ఎక్కడిది, సరఫరాదారు ఎవరు, అసలు యజమానులెవరన్నది విచారించి తీరాలి. కొత్త పేరుతో కడ్డీలు వస్తే ఆ విచారణ పూర్తయ్యేదాకా చెల్లింపు ఆగుతుంది. నెల జీతాలు ఆ చెల్లింపు మీద ఆధారపడిన గనిలో దాని అర్థం ఏమిటో చెప్పనక్కర్లేదు. ధ్రువపత్రం రావడానికి ముందే వారితో మాట్లాడి, ఏ పత్రాలు కావాలో తెలుసుకుని, ఒక రవాణా మొత్తం పాత పేరుతో పూర్తిచేసి లెక్క తేల్చాక తరవాతి రవాణా కొత్త పేరుతో పంపండి.

ఏడో అడుగు: కార్యాలయం తరలింపు, దానితోపాటు గని జ్ఞాపకం

బల్లలు, కుర్చీలు ఎవరైనా తరలిస్తారు. అన్వేషణ దశలో ఉన్న కంపెనీలో అన్నిటికంటే విలువైనది సమాచారం. ఎన్నో సీజన్ల పాటు తవ్విన బోరు రంధ్రాల రికార్డులు, ప్రయోగశాల ఇచ్చిన అసలు ధ్రువపత్రాలు, భూగర్భ పటాలు, సర్వే లెక్కలు, పొడిచేసిన నమూనాల ప్యాకెట్లు. నిక్షేపం ఎంత ఉందని ప్రకటించే నిపుణుడు ఆ అంకెల మూలాన్ని పరిశీలించి తీరాలి. అసలు ధ్రువపత్రాలు తరలింపులో పోతే, కంప్యూటరులో ఉన్న పట్టికను అతడు నమ్మలేడు. అలాంటి రంధ్రాలను నిక్షేపం లెక్క నుంచి తీసేయాల్సి రావచ్చు, లేదా పక్కనే మళ్లీ తవ్వి నిరూపించాల్సి రావచ్చు. కోట్ల విలువైన పని ఒక అట్టపెట్టె పోవడంతో చెరిగిపోతుంది.

అందుకని ప్యాకింగు మొదలు కాకముందే ఈ పనులు చేయండి. ప్రతి రంధ్రానికీ కాలర్ సర్వే (రంధ్రం నేల మీద మొదలైన చోటి కొలత), దిశ కొలతలు, భూగర్భ వివరణ, నమూనాల జాబితా, ప్రయోగశాల ధ్రువపత్రం, ఈ ఐదూ ఉన్నాయో లేదో సరిచూడండి. లేనిది ఏదైనా ఉంటే పాత ఊళ్లో ఉండగానే ప్రయోగశాలను అడిగి తెప్పించండి. కాగితాలన్నీ స్కాన్ చేయించి రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. ప్రయోగశాల నుంచి నేరుగా వచ్చిన ఫైళ్లను వేరుగా, ఎవరూ మార్చలేని విధంగా ఉంచండి. పెట్టెల మీద సంఖ్యలు, లోపల జాబితా, దించుకునే చోట సంతకం తప్పనిసరి. ఈ బాధ్యత ఆఫీసు మేనేజరుకు కాక భూగర్భ శాస్త్రవేత్తకే అప్పగించండి.

డ్రిల్ కోర్, అంటే బోరు వేసి బయటికి తీసిన రాతి కడ్డీల సంగతి వేరు. ఎన్‌క్యూ అనే ప్రామాణిక పరిమాణపు కోర్ వ్యాసం 47.6 మిల్లీమీటర్లు. సాధారణ రాతిలో మీటరుకు సుమారు ఐదు కిలోలు తూగుతుంది. పది వేల మీటర్ల కోర్ ఉంటే దాదాపు యాభై టన్నులు. దాన్ని కార్యాలయంతో పాటు తరలించే ఆలోచన మానుకోండి. గని దగ్గరి షెడ్డులోనే ఉంచి, అద్దె, కాపలా, బీమా కొత్త పేరుకు మార్పించండి. పెట్టెల మీది పాత పేరు, పాత రంధ్రాల సంఖ్యలు చెరపకండి. నివేదికలన్నీ ఆ సంఖ్యలతోనే ఉన్నాయి. కొత్త పేరు మోజులో రంధ్రాలకు కొత్త సంఖ్యలు ఇవ్వడం మొదలుపెడితే ఏ నమూనా ఎక్కడిదో తేల్చడం కష్టమవుతుంది. పాత సాంకేతిక నివేదికలను సైతం పాత పేరుతోనే ఉంచండి. పేరు ఒక్కటే మారినంత మాత్రాన నిక్షేపం మారదు.

ఇక మనుషులు. చిన్న కంపెనీలో లీజుల గురించి అంతా తెలిసినవారు ఒకరో ఇద్దరో ఉంటారు. వారు కొత్త ఊరికి రాకపోవచ్చు. వారిని తొందరపెట్టి పంపించవద్దు. మార్పు పూర్తయ్యాక కూడా కొన్ని నెలలు దూరం నుంచి పనిచేసే ఏర్పాటు చేయండి. ఏ గ్రామంతో ఏ మాట ఇచ్చారు, ఏ అధికారికి ఏ ఫైలు గుర్తుంది, ఏ రాయల్టీ ఒప్పందంలో తిరకాసు ఉంది అన్నవి వారి దగ్గర కూర్చుని రాయించుకోండి.

ఎనిమిదో అడుగు: గని పక్కన ఉండేవారికి చెప్పడం

పెట్టుబడిదారులకు ప్రకటన వెళ్లిన రోజే గని పరిసర గ్రామాలకూ తెలియాలి. లిస్టయిన కంపెనీ కనుక ముందుగా కొందరికే చెప్పడానికి చట్టం ఒప్పుకోకపోవచ్చు. కానీ అదే రోజు ఒక మనిషి స్వయంగా వెళ్లి చెప్పడానికి అడ్డేమీ లేదు. వారి మనసులో మొదట వచ్చే ప్రశ్న, "పాత కంపెనీ ఇచ్చిన మాటలు ఏమవుతాయి?" అన్నదే. గతంలో గనులు చేతులు మారిన చోట్ల, పేరు మార్పును అడ్డుపెట్టుకుని ఉద్యోగాల హామీలు, నష్టపరిహారాలు మరిచిపోయిన యాజమాన్యాలను చూసినవారు కావచ్చు. కాబట్టి వారి భాషలో, కంపెనీ అధ్యక్షుడి సంతకంతో ఒక ఉత్తరం ఇవ్వండి. పాత పేరుతో చేసిన ప్రతి ఒప్పందమూ యథాతథంగా కొనసాగుతుందని, ఒప్పందాల తేదీలు పేర్కొంటూ అందులో రాయండి. భూ యజమానులకు, కార్మిక సంఘానికి, స్థానిక ఆసుపత్రికి, అగ్నిమాపక కేంద్రానికి కూడా పంపండి. గేటు దగ్గర, వ్యర్థాల చెరువు దగ్గర ఉన్న బోర్డుల మీద అత్యవసర ఫోను నంబరు పనిచేస్తూ ఉండాలి. కార్యాలయం మారినప్పుడు మొదట తెగిపోయేది అదే.

తొమ్మిదో అడుగు: ఏడాది పాటు మిగిలే పనులు

పేరు మార్పు సమయం మోసగాళ్లకు అనువైనది. "మా పేరు మారింది, ఖాతా కూడా మారింది, ఇకమీదట ఇక్కడికి పంపండి" అన్న నకిలీ మెయిలు మీ సరఫరాదారులకు, శుద్ధి కర్మాగారానికి వెళితే నమ్మేందుకు కారణం మీరే సమకూర్చినట్టవుతుంది. బ్యాంకు ఖాతా సంఖ్యను అలాగే ఉంచి, ఖాతా పేరు మాత్రమే మార్పించుకోండి. ఖాతా మారడం లేదని పేరు మార్పు ఉత్తరంలోనే స్పష్టంగా రాయండి. ఖాతా మార్చక తప్పకపోతే కొన్ని నెలల తరవాత, ఫోను ద్వారా నిర్ధారించుకుంటూ చేయండి.

పాత వెబ్ చిరునామాను వదిలేయవద్దు. దానికి కట్టే రుసుము కొద్దిపాటిదే. వదిలేస్తే మరొకరు తీసుకుని మీ పాత మెయిళ్లన్నీ అందుకోగలరు. భారత్‌లో పేరు మారిన కంపెనీ రెండేళ్ల పాటు పాత పేరును కూడా కార్యాలయం బోర్డు మీద, ఉత్తరాల మీద చూపాలి. ఇతర దేశాల్లో ఆ నిబంధన లేకున్నా అదే కాలం పాటించడం మంచిది.

రెండో అడుగులో తయారుచేసిన పట్టికను ఇప్పుడు మళ్లీ తెరవండి. ప్రతి వరుస పక్కన కొత్త పేరుతో వచ్చిన రసీదు లేదా ధ్రువపత్రం సంఖ్య రాయండి. సంఖ్య లేని వరుస అంటే పూర్తికాని పని, దరఖాస్తు పంపడం ఒక్కటే లెక్కలోకి రాదు. గనుల రిజిస్ట్రీ నుంచి ప్రతి లీజుకూ, క్లెయిముకూ తాజా నకలు తీయించి అక్షరం అక్షరం సరిచూడండి. తరవాతి వార్షిక రుసుము కట్టినప్పుడు వచ్చే రసీదుల మీద కొత్త పేరు, కొత్త చిరునామా పడ్డాయో లేదో చూసి, వాటిని కొనసాగింపు పత్రంతో కలిపి ఒకే ఫైలులో పెట్టండి.